పూల్ క్రీడా ప్రవీణుడు ఎఫ్రెన్ రేయెస్



బిలియర్డ్స్ బల్ల అనగానే మనకు ముందుగా తోచునది దానిపై పఱచిన పచ్చని గుడ్డ. ఆ గుడ్డ క్రింద నున్నది రాయి. ఈ సంగతి కొలిమిగుండ్ల వాసులకు చెప్పినచో వారికి అంతగా ఆశ్చర్యము కలుగకపోవచ్చును. నంద్యాల జిల్లాలోని ఆ మండలమున నేల త్రవ్విన నాపరాయి పొరలు పొరలుగా బయలుపడును. అక్కడ ఇంటి నేలకు నాపరాయి, గోడకు నాపరాయి, అరుగునకు సయితము నాపరాయియే. ఆ మండలముననే యున్న బెలుం గుహలు కూడ సున్నపురాతిని నీరు అనేక సహస్ర వత్సరములు తొలుచుటచే ఏర్పడినవి. ఉలిని ఎచ్చట నిలిపిన బండ విరుగక పొర వెంబడి విడిపోవునో, ఎంత నూరిన నునుపు తేలునో అక్కడి పనివారికి చేతివ్రేళ్ళకు తెలిసిన విద్య.

బిలియర్డ్స్ బల్లకు వాడు రాయి మన నాపరాయి కాదు. మన పిల్లలు ఓనమాలు దిద్దిన మార్కాపురము పలక యెట్టి శిలతో తయారగునో, అది అట్టి జాతి శిల. పూర్వము ఇంగ్లండు దేశమున ఈ బల్లలను కఱ్ఱతోనే చేయుచుండిరి. కఱ్ఱ తేమకు ఉబ్బును, ఎండకు వంగును. అందుచే 19వ శతాబ్ది పూర్వార్ధమున పలకరాతి బల్లలు వాడుకలోనికి వచ్చెను. తొమ్మిదడుగుల బల్లకు సాధారణముగా మూడు పలకలు కావలయును. ఒక్కొక్క పలక యించుమించు అంగుళము మందము. వానిని ప్రక్కప్రక్కన చేర్చి, అతుకు వ్రేలికి తగులకుండ మైనముతో పూడ్చి, మట్టము చూచి, పైని ఉన్నిగుడ్డను బిగువుగా తొడుగుదురు. ఒక వైపు వెండ్రుకవాసి వాలినను నెమ్మదిగా దొర్లు బంతి దారి తప్పును.

నేటి ప్రసంగము అట్టి బల్ల యొద్ద ఏబది యేండ్లకు పైగా జీవించిన ఒక మనుష్యుని గూర్చినది. అతని పేరు ఎఫ్రెన్ రేయెస్. ఫిలిప్పైన్స్ దేశస్థుడు. పూల్ అను ఆటలో అతనిని మించినవాడు ఇంతవరకు పుట్టలేదని ఆ యాట నెఱిగినవారిలో పెక్కుమంది యభిప్రాయము.

కఱ్ఱతో బంతిని పొడిచి యాడు ఈ క్రీడలలో బిలియర్డ్స్, స్నూకర్, పూల్ అని మూడు ముఖ్య శాఖలు కలవు. బిలియర్డ్స్‌లో బంతులు మూడే. స్నూకర్‌లో ఇరువదిరెండు. ఈ స్నూకర్ మన దేశముననే పుట్టినది. 1875వ సంవత్సరమున జబల్పూరులో బ్రిటిషు సైనికాధికారుల విడిదియందు నెవిల్ ఛాంబర్లేన్ అను యువకాధికారి బిలియర్డ్స్ బల్లపై రంగుబంతులు చేర్చి దానిని కల్పించెననియు, పిమ్మట ఉదకమండలము క్లబ్బులో దాని నియమములు వ్రాతలో నెలకొనెననియు చెప్పుదురు. పూనా నగరమున జన్మించిన విల్సన్ జోన్స్ 1958లో కలకత్తాయందు జరిగిన ప్రపంచ అమెచ్యూరు బిలియర్డ్స్ పోటీలో గెలిచి, వ్యక్తిగత క్రీడలో ప్రపంచ విజేత యైన మొట్టమొదటి భారతీయుడుగా ప్రసిద్ధి కెక్కెను. 1964లో న్యూజిలాండు దేశమున ఆ గౌరవమును మఱల సంపాదించెను. మైకేల్ ఫెరీరా, గీత్ సేఠీ, పంకజ్ అద్వానీ మొదలగువారు ఆ కీర్తిని నిలిపి పెంచిరి. మన హైదరాబాదునకు చెందిన లక్కీ వత్నానీ స్నూకర్‌లో అంతర్జాతీయ వృత్తి క్రీడాకారుల సరసను నిలిచి యాడెను.

ఇంత చరిత్ర యున్నను మన దేశమున ఈ బల్ల చిరకాలము రాజభవనములలోను, దొరల క్లబ్బులలోను బందీయై యుండెను. హైదరాబాదులోని ఫలక్‌నుమా భవనమున బరోస్ అండ్ వాట్స్ అను లండను సంస్థ చేసిన బిలియర్డ్స్ బల్ల ప్రసిద్ధమైనది. ఒకప్పుడు అట్టి గదిలో క్యూ పట్టవలెనన్న ప్రభువో, ప్రభువుగారి అతిథియో కావలయును. లెక్క చెప్పుటకు నిలుచు మార్కరునకు ఆట తెలిసియున్నను బల్ల అతనిది కాదు. ఊరిలోని పనివాని బిడ్డకు ఆ తలుపు తీయు ప్రసక్తియే లేదు.

ఫిలిప్పైన్స్ రాజధాని యగు మనీలాలో స్థితి వేఱు. అక్కడ పూల్ బల్ల వీథిలోనికి వచ్చినది. సందు మొగదల, అంగడి ప్రక్క, రేకుల పందిరి క్రింద బల్ల వేసి, ఆటకింతయని రుసుము పుచ్చుకొందురు. కూలివాడు పని ముగించుకొని వచ్చి ఒక యాట ఆడిపోవును. పెద్దమనుష్యులు ఆ చోట్లను మెచ్చుకొనరు. అక్కడ పందెములు, పొగ, తగవులు ఉండును. కాని ఆ బల్లను తాకుటకు ఎవరి సిఫారసును అక్కరలేదు. రేయెస్ జీవితమునకు ఈ భేదమే మూలము.

అతడు 1954వ సంవత్సరము ఆగస్టు 26వ తేదీన పంపాంగా ప్రాంతమున పేద కుటుంబములో జన్మించెను. అయిదేండ్ల ప్రాయమున అతనిని మనీలాలోని సమీప బంధువుకడకు పంపిరి. ఆ బంధువు ఒక పూల్ శాలను నడుపుచుండెను. దాని పేరు లక్కీ 13. బాలుడు అక్కడ ఊడ్చుట, తుడుచుట మొదలగు పనులు చేయుచు పెరిగెను. పగలు వచ్చినవారందఱు ఆడుచుండ అతడు ప్రక్కన నిలిచి చూచుచుండెను. రాత్రి తలుపులు మూసిన పిమ్మట ఆ బల్లయే అతనికి పడక. ఎత్తు చాలనందున కోకాకోలా సీసాల పెట్టెలను బల్ల చుట్టు ఈడ్చుకొనుచు, వానిపై నెక్కి, ఒక్కొక్క దెబ్బ కొట్టి, దిగి, పెట్టెను మఱియొక వైపునకు జరుపుకొని మఱల ఎక్కుచు ఆట నేర్చెను. అదే శాలకు ఎఫ్రెన్ అను పేరుగల పెద్దవాడొకడు వచ్చుచుండుటచే, ఈతనిని గుర్తించుటకు బాటా అని పిలువసాగిరి. వారి భాషలో బాటా యనగా పిల్లవాడు. ఆ పేరు అతనికి ముసలితనమునందును వదలలేదు.

ఇచట ఆటను గూర్చి కొంత చెప్పుకొనవలసి యున్నది. మన యిండ్లలో క్యారమ్స్ ఆడని పిల్లలుండరు. క్యారమ్ బోర్డుపై స్ట్రైకరుతో కాయను కొట్టి మూలనున్న రంధ్రమున పడవేయుదుము. పూల్ దీనికి పెద్దన్న వంటిది. బల్ల తొమ్మిదడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు. నాలుగు మూలలందు నాలుగు, నిడివి ప్రక్కల నడుమ రెండు, మొత్తము ఆఱు రంధ్రములు. స్ట్రైకరునకు బదులు తెల్లబంతి. దానిని వ్రేలితో కొట్టరు. కొనకు తోలుబిళ్ళ అంటించిన క్యూ అను కఱ్ఱతో పొడుతురు. తోలు జాఱకుండ దానికి సుద్ద రాయుదురు.

పూల్‌లో పెక్కు రకములు కలవు. రేయెస్ ఎక్కువ ప్రసిద్ధి నొందినది నైన్ బాల్ అను ఆటలో. ఒకటి మొదలు తొమ్మిది వఱకు అంకెలు గల బంతులు బల్లపై నుండును. తెల్లబంతి ఎప్పుడును బల్లపై మిగిలిన బంతులలో చిన్న అంకె దానినే ముందుగా తాకవలెను. తొమ్మిదవ బంతిని న్యాయముగా పడవేసినవాడు గెలిచినట్లు. కావున బంతిని రంధ్రమున పడవేయుట ఈ యాటలో సగము పనియే. పడవేసిన తరువాత తెల్లబంతి ఎచ్చట నిలుచునో అది తక్కిన సగము. ఒకటవ బంతి పడునప్పుడే రెండవ దానికి దారి చూచుకొనవలెను. రెండవది పడునప్పుడు మూడవదానిని తలచుకొనవలెను. ఎదుటివాడు తెలివిగలవాడైనచో మన తెల్లబంతికిని మనము కొట్టవలసిన బంతికిని నడుమ మఱియొక బంతిని అడ్డు నిలిపి దారి మూసివేయును. అపుడు చేయవలసినది ఏమి? బల్ల చుట్టునున్న రబ్బరు అంచులకు కొట్టి, త్రిప్పి తెచ్చి తాకింపవలెను. తాకనిచో తప్పు. తెల్లబంతిని తనకు నచ్చినచోట నుంచుకొని ఆడు హక్కు ఎదుటివానికి దొరకును.

రేయెస్ ఇతరులకు అందని ఎత్తునకు చేరినది ఈ అంచుల విద్యయందే. దీనికి కారణము అతడు చిన్ననాట ఆడిన ఆటలలో కలదు. ఫిలిప్పైన్స్ దేశమున రొటేషన్ అను ఆటకు ఆదరము మిక్కుటము. అందు బంతులు పదునైదు. ఎన్నవ బంతియో అన్ని పాయింట్లు. ఒకటి మొదలు పదునైదు వఱకు కూడిన 120. అందు సగము దాటి 61 సంపాదించినవాడు గెలుచును. ఇందును చిన్న అంకె బంతినే ముందుగా తాకవలెను. పదునైదు బంతులు క్రిక్కిఱిసిన బల్లపై తిన్నని దారి దొరకుట అరుదు. కనుక అంచులను నమ్ముకొనక తప్పదు. ఇది గాక అతడు క్యారమ్ బిలియర్డ్స్ కూడ నేర్చెను. మన క్యారమ్స్‌కును దానికిని పేరులో తప్ప పోలిక లేదు. ఆ బల్లకు రంధ్రములే యుండవు. మూడు బంతులు. తెల్లబంతి అంచులను తాకివచ్చి తక్కిన రెండింటిని తాకవలెను. రంధ్రములు లేని బల్లమీద సంవత్సరముల తరబడి ఆడినవానికి అంచునుండి బంతి ఏ కోణమున మఱలునో, ఎంత జోరుతో కొట్టిన ఎంత మాఱునో, ప్రక్కకు త్రిప్పి కొట్టిన ఎట్లు వంగునో ఒడలికి పట్టిపోవును.

అద్దముపై పడిన వెలుగు ఏ కోణమున పడునో ఆ కోణముననే మఱలునని పాఠశాలలో చదివియున్నాము. బంతియు ఇంచుమించు అట్లే మఱలును. ఆ ఇంచుమించు అను మాటలోనే విద్య యంతయు నున్నది. గుడ్డ కొత్తదైన ఒక తీరు, పాతదైన మఱియొక తీరు. గాలిలో తేమ యున్న ఒక తీరు. బంతిని నడుమ పొడిచిన ఒక దారి, కుడివైపు పొడిచిన వేఱొక దారి. పుస్తకములో గీసిన గీత బల్లపై చెల్లదు. ఆ బల్లతో పరిచయము కావలయును. రాత్రింబవళ్ళు దానితోనే యున్నవానికి ఆ పరిచయము ఎంత యుండునో మనము ఊహింపవచ్చును.

యౌవనమున అతడు పందెములాడి బ్రదికెను. ఈ మాటను దాచుట న్యాయము కాదు. ఆ కాలమున ఆ దేశమున పూల్ ఆటగానికి వేఱు జీతము లేదు, ఉద్యోగము లేదు. ఊరూర తిరిగి, డబ్బు పెట్టువాడెవడైన దొరకిన ఆడి, గెలిచినదానిలో భాగము పుచ్చుకొనుటయే వృత్తి. ఈ మార్గమున పోయి చెడినవారి సంఖ్య బాగుపడినవారికంటె చాల అధికము. రేయెస్ కథ చెప్పునపుడు ఈ సంగతిని మఱచినచో శ్రోతలకు అపకారము చేసినవారమగుదుము.

అమెరికా దేశము పూల్ ఆటకు పుట్టినిల్లు వంటిది. అక్కడి ప్రవీణులే ప్రపంచ ప్రవీణులని చాలకాలము తలచుచుండిరి. 1985వ సంవత్సరమున రేయెస్ అక్కడకు పోయెను. ఫిలిప్పైన్స్‌లో ఎఫ్రెన్ రేయెస్ అను ఘనుడొకడు కలడను వార్త అప్పటికే ఆ దేశమున వ్యాపించియుండెను. అందుచే అతడు సీజర్ మొరాలిస్ అను మాఱుపేరుతో హ్యూస్టను నగరమున జరిగిన పోటీలో దిగెను. పోటీ ముగియుసరికి అనామకుడైన సీజర్ మొరాలిసే గెలిచెను. ఆ మాఱుపేరు చాలకాలము దాగలేదు.

1994లో వర్జీనియా రాష్ట్రమున జరిగిన యు.ఎస్. ఓపెన్ నైన్ బాల్ పోటీలో తుదియాటలో నిక్ వార్నర్‌ను ఓడించి అతడు విజేత యయ్యెను. అంతవఱకు అమెరికా దేశస్థుడు కానివాడెవడును ఆ పోటీ గెలిచియుండలేదు.

మఱుచటి యేడు, 1995లో, రీనో నగరమున జరిగిన పోటీలో తటస్థించిన ఒక్క దెబ్బను గూర్చి పూల్ ప్రియులు నేటికిని చెప్పుకొందురు. ఎదుటివాడు అమెరికా దేశపు అగ్రశ్రేణి ఆటగాడు ఎర్ల్ స్ట్రిక్లాండ్. ముందుగా పదుమూడు ఆటలు గెలిచినవానిదే పోటీ. ఇరువురును పండ్రెండేసి గెలిచియుండిరి. ఆ తుది యాటలో స్ట్రిక్లాండ్ అయిదవ బంతికి దారి లేకుండ తెల్లబంతిని దాచెను. అయిదవ బంతిని తాకింపగలిగినచో చాలునని చూపరులు తలచియుందురు. రేయెస్ బల్ల చుట్టు నడచి చూచి, వంగి, పొడిచెను. తెల్లబంతి ఒక అంచును తాకి, ఎదుటి అంచును తాకి, ఆంగ్లములోని జెడ్ అక్షరము వలె దారి తీసి, అయిదవ బంతిని తగిలి దానిని రంధ్రమున పడవైచి, ఆఱవ బంతికి అనువైన చోట నిలిచెను. పిదప మిగిలిన బంతులను వరుసగా పడవేసి అతడు పోటీ గెలిచెను.

ఆ దెబ్బను అదృష్టమనవచ్చునా? ఒకమారు జరిగినదానిని అట్లనవచ్చును. అట్టివి అతని చేత నిత్యము జరుగుచుండెను. కావుననే తోడి ఆటగాండ్రు అతనికి మెజీషియన్, అనగా ఇంద్రజాలికుడు, అను బిరుదు నిచ్చిరి. కాని ఇంద్రజాలికుడు చూపఱ కన్ను కప్పును. ఇతడు చేసినదంతయు వెలుగుతో నిండిన బల్లపై, అందఱి కన్నుల యెదుట జరిగినది.

1996లో హాంకాంగు నగరమున ఈ యిరువురికే ప్రత్యేకముగా ఒక పోటీ యేర్పాటైనది. మూడు దినముల ఆట. 120 ఆటలు ముందుగా గెలిచినవానికి లక్ష డాలర్లు. ఓడినవానికి ఏమియు లేదు. రేయెస్ చాల దూరము వెనుకబడి, మెల్లమెల్లగా కూడదీసికొని, 120కి 117గా గెలిచెను. మూడు దినములు నిలిచి యాడిన పిమ్మట తేడా మూడే ఆటలు. స్ట్రిక్లాండ్ ఎంతటి ఘనుడో దీనివలన తెలియుచున్నది. ప్రతిభకు తగిన ప్రతియోగి దొరకుటయు ఒక భాగ్యమే.

1999లో వేల్స్ దేశమునందలి కార్డిఫ్ నగరమున జరిగిన ప్రపంచ పూల్ పోటీలో తైవాన్ దేశస్థుడగు చాంగ్ హావ్ పింగ్‌ను 17కు 8గా ఓడించి అతడు ప్రపంచ విజేత యయ్యెను. అప్పటికి అతని వయస్సు నలువదినాలుగు. ఆ విజయముతో ఫిలిప్పైన్స్‌లో ఆ యాటకే మర్యాద పెరిగెను. నిన్నటివఱకు తల్లులు పిల్లలను పోవద్దన్న శాలలనుండి దేశమునకు కీర్తి వచ్చినది. 2001లో టోక్యో నగరమున ఏడువందలకు పైగా ఆటగాండ్రు పాల్గొనిన పోటీలో డచ్చి దేశస్థుడు నీల్స్ ఫైయెన్‌ను 15కు 7గా ఓడించి 1,63,172 డాలర్ల బహుమతి పొందెను. 2003లో అమెరికాలోని బిలియర్డ్ సంఘమువారి గౌరవ పట్టికలో చేరిన మొదటి ఆసియావాసి యయ్యెను. 2004లో సంయుక్త అరబ్బు ఎమిరేట్లలోని ఫుజైరాలో ఎయిట్ బాల్ అను వేఱొక రకపు పూల్‌లో స్వదేశీయుడగు మార్లన్ మనాలోను 11కు 8గా గెలిచి, రెండు రకములలో ప్రపంచ విజేత యైన మొదటివాడుగా నిలిచెను. 2006లోను, 2009లోను తన చిరకాల మిత్రుడు ఫ్రాన్సిస్కో బుస్టమాంటేతో జతగూడి దేశము పక్షమున ప్రపంచ కప్పును గెలిచెను.

ఈ విజయముల వరుస వినినవారికి అతడు కోటీశ్వరుడై యుండునని తోచును. వృత్తి క్రీడాకారుని బ్రదుకులో ఇక్కడ నొక కఠిన సత్యము కలదు. 2005, 2006 సంవత్సరములలో ఇంటర్నేషనల్ పూల్ టూర్ అను సంస్థ వెలసెను. టెన్నిసు, గోల్ఫు ఆటగాండ్ర వలె పూల్ ఆటగాండ్రును గౌరవముగా బ్రదుకునట్లు పెద్ద బహుమతులు ఇత్తుమని ప్రకటించెను. 2005లో ఆ సంస్థ పోటీలో మైక్ సీగెల్ అను అమెరికా విజేతను గెలిచి రేయెస్ రెండులక్షల డాలర్లు పొందెను. 2006లో రీనో నగరమున జరిగిన పోటీలో రాడ్నీ మోరిస్‌ను ఓడించెను. ఈమారు మొదటి బహుమతి అయిదులక్షల డాలర్లు. పూల్ చరిత్రలో అంతవఱకు అంతటి బహుమతి లేదు. కాని పోటీ ముగిసిన పిమ్మట సంస్థకు సొమ్ము చాలలేదు. బహుమతులను సకాలమున చెల్లింపజాలక వాయిదాలపై ఇచ్చెదమనెను. ఆ సంస్థ ఆ తరువాత నిలువలేదు.

ఈ దెబ్బ రేయెస్ ఒక్కనికే తగిలినది కాదు. ఆ బహుమతులను నమ్మి దూరదేశములనుండి అప్పులు చేసి వచ్చినవారును ఉండియుందురు. నెలజీతము గలవానికి మొదటి తేదీ యున్నది. వృత్తి ఆటగానికి అట్టి తేదీ లేదు. గెలిచిననాడు చప్పట్లు, ఓడిననాడు దారిఖర్చు. చేతి నరము పట్టు తప్పినను, కంటికి పొర వచ్చినను ఆదాయము ఆగిపోవును. మన పిల్లవాడెవడైన ఆటనే వృత్తిగా పట్టెదననినచో తల్లిదండ్రులు భయపడుట సహజము. ఆ భయమును పిఱికితన మనరాదు. ఆటగాని చెమటకు కూలి నిశ్చయముగా ముట్టునట్టి యేర్పాటు లేనంతకాలము ఆ భయము న్యాయమైనదే.

ఇన్ని కీర్తుల నడుమ రేయెస్ నడవడి మాత్రము మాఱలేదు. గొప్ప దెబ్బ కొట్టిన పిమ్మట ఇతరులు పిడికిలి బిగించి కేకలు వేయుదురు. ఇతడు తల గోకికొని, ఇది యెట్లు జరిగెనో నాకును తెలియదన్నట్లు చిన్నగా నవ్వును. తప్పు కొట్టినను అదే నవ్వు. ఎదుటివాడు ఎంత కోపించినను తాను కోపింపడు. ముందుపండ్లు లేని ఆ నవ్వును అతని దేశమున ఎఱుగనివారు లేరు. నడుమ నడుమ చిన్న ఊళ్ళకు పోయి సామాన్యులతో ఆడుచుండుట అతనికి పరిపాటి. 2022వ సంవత్సరమున హనోయ్ నగరమున జరిగిన ఆగ్నేయాసియా క్రీడలలో, 67 ఏండ్ల ప్రాయమున, క్యారమ్ బిలియర్డ్స్‌లో కాంస్య పతకము సంపాదించెను. చిన్ననాట తనకు అంచుల విద్య నేర్పిన ఆటలోనే ఆ పతకము లభించుట విశేషము.

ఈ జీవితమునుండి మనము తెలిసికొనదగినది ఏమి? పూల్ శాలలో పడుకొన్న ప్రతి బాలుడును రేయెస్ కాడు. పందెపుటాటలో కొంపలు కూలినవారి గాథలు మన దేశమున మహాభారత కాలమునుండియు విందుము. ధర్మరాజునకే తప్పలేదు. కనుక ఆటనుండి పందెమును తొలగించి చూడవలెను. అట్లు తొలగించి చూచినచో మిగులునది కన్ను, చేయి, లెక్క, ఓర్పు. ఈ నాలుగును పేదవానికిని ధనవంతునికిని సమానముగా నీయబడినవే. బల్ల మాత్రము సమానముగా నీయబడలేదు. మనీలా సందులలో అది చౌకగా దొరకుటచే ఒక పేద బాలుడు దానిని తాకగలిగెను. అదే బాలుడు ఒక రాజభవనమున నౌకరై యున్నచో బంతులు తుడిచి బల్లకు ముసుగు కప్పుటతోనే అతని విద్య ముగిసెడిది.

మన పల్లెలలో గోలీలాడు పిల్లలను చూచియుందురు. బొటనవ్రేలు నేలనానించి, ఒక కన్ను మూసి, ఆఱడుగుల దూరమున నున్న గోలీని సూటిగా కొట్టుదురు. కొట్టిన తమ గోలీ ఎచ్చట ఆగవలెనో కూడ ముందే తలచుకొందురు. రేయెస్ చేసినదియు మూలమున ఇదియే. కొలిమిగుండ్ల రాతి గనుల యొద్ద తండ్రితో పాటు తిరుగు పిల్లవానికి రాతి మట్టము, పొర, కోణము ఏడెనిమిది యేండ్లకే తెలియవచ్చును. అట్టి కన్ను గలవాడు రాతిబల్లపై ఏమి చేయగలడో మనము ఇంకను పరీక్షించి చూడలేదు.

పెద్ద ఊళ్ళలో క్లబ్బులు కలవు, వాని చందాలు సామాన్యునికి అందవు. ఉన్నత పాఠశాలలందు వాలీబాలునకు చోటున్నది, కబడ్డీకి చోటున్నది. జిల్లా కేంద్రమున నొక క్రీడాశాలయందు, మంచి వెలుతురులో, పందెమునకు తావీయని పెద్దల కనుసన్నలలో రెండు బల్లలు వేసి, సాయంకాలము పిల్లలకు తలుపు తెఱచినచో ఖర్చు అలవికానిది కాదు. నేర్పుటకు గురువు కావలయును. విల్సన్ జోన్స్ ఆట మానిన పిమ్మట తరువాతి తరమువారికి నేర్పి, 1996లో ద్రోణాచార్య పురస్కారము పొందెను. అట్టివారిని వెదకి పిలువవలెను. అందుండి ప్రపంచ విజేతలు పుట్టకపోయినను నష్టము లేదు. మనసు నిలుపుట, ఓడి నవ్వుట నేర్చిన పదిమంది పిల్లలు మిగిలినను ఆ బల్లల వెల దక్కినట్లే.

బల్ల యెక్కుటకు ఎత్తు చాలని పిల్లవానికి ఒకనాడు సీసాల పెట్టె ఆధారమైనది. మన పిల్లలకు అంతకంటె మంచి ఆధారము కల్పించుట పెద్దల చేతిలో నున్నది.